బల్ల మీద పల్లె రైలు

నైరుతి జర్మనీలో నెకర్‌బిషోఫ్స్‌హైమ్ నుంచి హ్యుఫెన్‌హార్ట్ దాకా 1902లో ఒక బ్రాంచి లైను వేశారు. పొడవు సుమారు 17 కిలోమీటర్లు. జర్మన్ మోడల్ రైల్వేల్లో ఎక్కువగా వాడే హెచ్‌ఓ స్కేలులో, అంటే అసలులో 87వ వంతుగా, ఈ లైనును ఉన్నదున్నట్టు కట్టాలంటే దాదాపు 195 మీటర్ల బల్ల కావాలి. అంత చోటు ఏ ఇంట్లో ఉంటుంది? కనుక దేన్ని చిన్నది చేయాలన్నది కాదు, దేన్ని వదిలేయాలన్నదే ఈ కళలో అసలు ప్రశ్న.

అనుభవమున్నవాళ్లు లైను చివరి స్టేషన్‌ను ఉంచుకుని మిగిలినదంతా వదిలేస్తారు. స్టేషన్ భవనం, గూడ్సు షెడ్డు, సరుకులెక్కించే గట్టు, చిన్న ఇంజను షెడ్డు, బండిని ఒక పట్టా నుంచి మరో పట్టాకు మళ్లించే పాయింట్లు మూడు నాలుగు ఉంటే చాలు. స్టేషన్ దాటిన పట్టా ఒక వంతెన కిందికో చెట్ల గుంపులోకో వెళ్లి మాయమవుతుంది. అక్కడ, తెర వెనక దాచిన లైన్ల మీద తరవాతి బండ్లు వంతు కోసం ఆగి ఉంటాయి. 180 మీటర్ల వ్యాసార్థమున్న మలుపు ఈ స్కేలులో 2 మీటర్లు దాటుతుంది. బొమ్మ పట్టాల మలుపు 36 సెంటీమీటర్లకే తిరుగుతుంది. అందుకని కంటికి కనిపించే చోట వంపును సాగదీసి, ఇరుకు మలుపులను కొండ వెనక పెడతారు.

బండి గానుగెద్దులా గుండ్రంగా తిరుగుతుంటే చూసేవాళ్లకు కాసేపట్లోనే విసుగొస్తుంది. చివరి స్టేషన్‌లో మాత్రం దానికి పని ఉంటుంది. వచ్చిన ఇంజను పెట్టెలను విడిచి, పక్క లైను మీదుగా అవతలి కొసకు చేరాలి. కలప వ్యాగన్‌ను గట్టు దగ్గర వదలాలి, బీట్‌దుంపలు నింపిన వ్యాగన్‌ను తగిలించుకోవాలి. ఈ షంటింగే ఆటలోని సారం. వేగానికీ ఓ లెక్కుంది. గంటకు 50 కిలోమీటర్లంటే ఈ స్కేలులో సెకనుకు 16 సెంటీమీటర్లు. ఎర్రటి ఊర్డింగెన్ రైలుబస్సు నమూనా పొడవు కూడా ఇంచుమించు అంతే. కాబట్టి బండి సెకనుకు తన పొడవంత దూరం కదిలితే వేగం సరిగ్గా ఉన్నట్టే.

కాలాన్ని కూడా ముందే ఎంచుకోవాలి. పశ్చిమ జర్మనీ రైల్వే ఏర్పడిన 1949 నుంచి 1970 ప్రాంతం దాకా ఉన్న దశ అంటే చాలామందికి ఇష్టం. ఆవిరి ఇంజనూ రైలుబస్సూ ఒకే ప్లాట్‌ఫారం మీద కలిసే రోజులవి. ఒకసారి నిర్ణయించుకున్నాక వీధిలోని కార్ల దగ్గర్నుంచి గోడ మీది ప్రకటన దాకా అన్నీ ఆ కాలానివే అయి ఉండాలి.

భవనాలకు ఫాలర్ వంటి సంస్థల కిట్లు దొరుకుతాయి. కానీ పెట్టెలో వచ్చింది వచ్చినట్టు అతికిస్తే అందరి ఊరూ ఒకలాగే ఉంటుంది. అందుకే గోడలు కోసి మార్చి, ప్లాస్టిక్ మెరుపు పోయేలా రంగు పూస్తారు. పట్టాల పక్కలకు తుప్పురంగు వేస్తారు. సన్న కంకర పరిచి తడిపి, నీళ్లలో కలిపిన తెల్లజిగురులో ఒక చుక్క సబ్బు వేసి బొట్లుబొట్లుగా వదులుతారు. సబ్బు వల్ల జిగురు రాళ్ల సందుల్లోకి దిగుతుంది. గడ్డికి సన్నని కృత్రిమ పోగులు వాడతారు. విద్యుత్ క్షేత్రం వాటిని జిగురులో నిటారుగా నిలబెడుతుంది. బ్రాంచి లైనుకు డబ్బు తక్కువ. కంకర పలచగా, స్లీపర్ల మధ్య కలుపుతో కనిపిస్తేనే నమ్మకం కుదురుతుంది.

రెండో ప్రపంచ యుద్ధం తరవాత కార్లూ లారీలూ పెరిగి ఇలాంటి లైన్లు ఎన్నో మూతపడ్డాయి. హ్యుఫెన్‌హార్ట్‌కు రోజువారీ ప్రయాణికుల బండి 2009లో ఆగిపోయింది. పాత స్టేషన్ ఎలా ఉండేదో ఫొటో చూపిస్తుంది. కానీ గూడ్సు షెడ్డు అక్కడే ఎందుకుందో, ఇంజను అటు తిరిగి ఎందుకు రావాలో తెలియాలంటే బండిని నడపాలి. అందుకే ఫ్రెమో అనే మోడల్ రైల్వే సంఘం సభ్యులు తలా ఒక ముక్క కట్టి, ఒకే కొలత కొసలతో పెద్ద హాలులో వాటిని కలిపి, టైంటేబుల్ ప్రకారం బండ్లు నడుపుతారు. ఏ వ్యాగన్ ఏ సరుకుతో ఎక్కడికి పోవాలో దాని చీటీ చెబుతుంది. ఒక పల్లె ఏం పండించి, ఏం తెప్పించుకుని బతికిందో ఆ చీటీల వెంట నడిచినవాళ్లకు చేతల్లో తెలుస్తుంది.