గడులు బిగించే చేతులు

కేతకీ సంగమేశ్వరుడి గుడి ఉన్న ఝరాసంగం లాంటి మండల కేంద్రాల్లో డీటీపీ చేసేవాళ్ల పనితనం టేబుల్ దగ్గరే బయటపడుతుంది. భూమి వివరాల టేబుల్ అంటే సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు, పట్టాదారు పేరు. పేరు పొడుగైతే వర్డ్ ఆ గడిని సాగదీసి పక్క నిలువు వరుసను నలిపేస్తుంది. చెయ్యి తిరిగినవాళ్లు ముందే ఆటోఫిట్ ఆపి వెడల్పులు బిగిస్తారు. శీర్షిక వరుసను పేజీ పేజీకీ మళ్లీ టైపు చేస్తున్నారంటే, ఇంకా నేర్చుకుంటున్నట్టే.

నాకు ముచ్చటేసేది మాత్రం తెల్లకాగితం చిట్కా. టేబుల్ వెనక ఒక ఖాళీ పేరాను వర్డ్ వదలదు. టేబుల్ పేజీ అడుగుదాకా వచ్చిందా, ఆ పేరా ఇంకో పేజీని వెంటేసుకొస్తుంది. చెరిపితే పోదు. దాని అక్షరం సైజు 1 చేసి, పైనా కిందా ఖాళీ తీసేస్తారు. పేజీ మాయం! కాగితానికింతని ఇచ్చే రైతుకు అదీ మిగులే.

టేబుల్ పనికి నాలుగు రూపాయలు ఎక్కువడిగితే బేరమాడకండి.