ఇరవై నిమిషాల సూది

చికిత్స అయిపోయాక మొదలయ్యే బెంగ గురించి ఆసుపత్రుల్లో మాట్లాడేది తక్కువ. కీమోథెరపీ నడిచినన్నాళ్లూ ఇంటినిండా మనుషులు, వరసగా తేదీలు. "ఇక ఫర్వాలేదమ్మా, ఆర్నెల్లకోసారి వచ్చి చూపించుకోండి" అని డాక్టరు పంపేశాక రాత్రిళ్లు నిద్రపట్టదు. ఎక్కడ కాస్త నొప్పెట్టినా జబ్బు తిరగబెట్టిందేమోనని గుండెదడ.

మాంచెస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బ్రిటన్‌లో రొమ్ము క్యాన్సర్ చికిత్స దాటి వచ్చిన 302 మందిపై ఆక్యుపంక్చర్‌ను పరీక్షించారు. ఫలితాలు 2012లో వెలువడ్డాయి. వాళ్లు ప్రధానంగా చూసింది వదలని నీరసాన్ని. బెంగనూ కుంగుబాటునూ దాంతోపాటే కొలిచారు. 227 మందికి సూదులు, 75 మందికి మామూలు వైద్యం. వారానికోసారి ఇరవై నిమిషాలు, అలా ఆరు వారాలు.

గుచ్చింది మూడుచోట్లే. మోకాలి చిప్పకు నాలుగు వేళ్ల కింద, ఎముకకు బయటి పక్కన ఒకటి. చీలమండకు నాలుగు వేళ్ల పైన, లోపలి వైపు ఇంకొకటి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో మూడోది. ఈ సూదిలో మందుండదు, రంధ్రమూ ఉండదు. ఇంజెక్షన్ సూది పక్కన పెడితే వెంట్రుకలా కనిపిస్తుంది. దించి వేళ్లతో మెల్లగా తిప్పితే లోపల ఎక్కడో లాగినట్టు, ఆ చోటంతా బరువెక్కినట్టు ఉంటుంది. ఆ బరువు కోసమే వైద్యులు చూస్తారు.

ఆరు వారాలకు సూదులు వేయించుకున్నవాళ్లలో నీరసం తగ్గింది. బెంగ, కుంగుబాటు కూడా తగ్గాయి.

ఇది చిన్న సంగతేం కాదు. అయితే ఇక్కడ ఒక లోటుంది. రెండో జట్టుకు ఉత్తుత్తి సూదులు కూడా వేయలేదు. కాబట్టి మేలు చేసింది సూదా, వారం వారం ఒకరు ఎదురుగా కూర్చుని "ఎలా ఉన్నారు?" అని అడగడమా అన్నది ఈ పరీక్ష తేల్చలేదు. 2023లో అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఆచితూచే మాట్లాడాయి. ఆందోళనకైనా కుంగుబాటుకైనా మైండ్‌ఫుల్‌నెస్ సాధనను ముందు వరసలో పెట్టాయి. చికిత్స తర్వాతి ఆందోళనకు ఆక్యుపంక్చర్‌ను ఒప్పుకున్నాయి గానీ కుంగుబాటు జాబితాలో దాని పేరు లేదు. ఉన్న ఆధారాలను బట్టి ఇది న్యాయమైన తీర్పే.

మాంచెస్టర్ వాళ్లు అక్కడితో ఆగలేదు. తర్వాతి దశలో కొందరికి తమ సూదులు తామే వేసుకోవడం నేర్పారు. వైద్యుడి చేత వేయించుకున్నవాళ్లకూ వీళ్లకూ ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ పొడిగింపు వల్ల మొదటి ఆరు వారాలకు మించి కలిసొచ్చిందీ పెద్దగా లేదు. అయినా ఏళ్ల తరబడి ఇతరుల చేతుల్లో పెట్టిన ఒంటిని మళ్లీ తన చేత్తో చూసుకోవడం ఎంత ధైర్యమో ఆలోచించాలి.

మందుల్లేని దారి వెతకడానికి కారణాలూ లేకపోలేదు. కుంగుబాటుకు వాడే పరాక్సిటీన్, ఫ్లూక్సిటీన్ వంటివి రొమ్ము క్యాన్సర్‌కు వాడే టామాక్సిఫెన్ శరీరంలో చురుకైన మందుగా మారడానికి అడ్డుపడతాయి. అలాగని వేసుకుంటున్న మాత్ర సొంతంగా మానకూడదు, మార్చాల్సింది డాక్టరే. సూదులు వేయించుకోబోయేవారు ప్లేట్‌లెట్లు ఎన్నున్నాయో, ఏ వైపు చంకలో లింఫు గ్రంథులు తీశారో ముందే చెప్పాలి. వాపు వచ్చిన చేతికి సాధారణంగా సూది వెయ్యరు.