తెలిసిన చేతికి గిటారు

విద్యుత్తు సాయం లేకుండా, తీగల కదలికను తన బోలు పెట్టె మీది పలుచని పలక ద్వారా గాలికి అందించే గిటారును అకౌస్టిక్ గిటారు అంటారు. ఫ్యాక్టరీలో తయారయ్యే గిటారు ఎవరి చేతికి చేరుతుందో, ఏ ఊరి ఎండకు ఎండుతుందో, దానికి ఎంత మందపు తీగలు బిగిస్తారో తయారీదారుకు తెలియదు కనుక, వారంటీ గడువులో వెనక్కి రాకుండా ఉండేందుకు పై పలకను, దాని అడుగున అతికే బద్దలను అవసరానికి మించి కొంత మందంగానే ఉంచడం ఆ పరిశ్రమలో మామూలు. ఆ అదనపు మందం ధ్వనిని కొంత బిగబట్టేస్తుంది. మిత్రుడి కోసం గిటారు కట్టే వ్యక్తికి వాయించబోయే చెయ్యి తెలుసు, బిగించబోయే తీగలు తెలుసు, ఎక్కడైనా పలక మొరాయిస్తే వాద్యం మళ్లీ తన బల్లమీదికే వస్తుందనీ తెలుసు. అందువల్ల ఫ్యాక్టరీ వెళ్లలేని పలుచదనం దాకా అతడు వెళ్లగలడు. చేతితో కట్టిన గిటారు గొప్పతనంగా చెప్పుకొనేదానిలో పెద్ద భాగం పనితనంకంటే ఈ ఎరుకకే చెందుతుందని వాదించవచ్చు.

ఆ పలుచదనంతో చెలగాటం ఎంత సున్నితమైనదో అంకెలే చెబుతాయి. ఉక్కు తీగల గిటారులో ఆరు తీగలూ కలిసి సుమారు 70 కిలోల బలంతో గుర్రాన్ని, అంటే పలకమీద తీగల చివరలను పట్టి ఉంచే చెక్కముక్కను, లాగుతుంటాయి. ఆ లాగుడును 3 మిల్లీమీటర్లకు మించని స్ప్రూస్ పలక, అంటే చలిదేశాల్లో పెరిగే సూదియాకుల చెట్టు కలప, అడుగున గుణకారపు గుర్తు ఆకారంలో అతికిన రెండు ప్రధాన బద్దల సాయంతో భరించాలి. పలక బిర్రు దాని మందం ఘనాన్ని అనుసరించి మారుతుంది కనుక, 3 మిల్లీమీటర్ల పలకను 2.7కు చిత్రిక పడితే పోయేది పదో వంతు చెక్కే అయినా, బిర్రు మాత్రం నాలుగో వంతుకు పైగా పోతుంది. ఒకే దుంగనుంచి కోసిన రెండు పలకలు కూడా ఒకేలా ఉండవు. అందుకే చేయి తిరిగినవారు కొలత చూసి ఆగక, పలకను రెండు వేళ్లతో వేలాడదీసి, వేలి కణుపుతో తట్టి, మోత విని, మళ్లీ కొంచెం గీకుతారు. ధ్వనికి ఆధారం పై పలకే అని నిరూపించడానికి స్పెయిన్ దేశపు ఆంటోనియో దె తోరెస్ 1862లో వెనక భాగాన్నీ పక్కలనూ కాగితపు అట్టతో చేసి ఒక గిటారు కట్టాడు. అది ఇప్పటికీ బార్సిలోనాలోని సంగీత మ్యూజియంలో ఉంది.

మెడమీద అడ్డంగా ఉండే మెట్ల సంగతి ఇందుకు పూర్తిగా విరుద్ధం. మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు వరకు ప్రతి స్థానమూ లెక్కకు లొంగుతుంది: తీగ మోగే పొడవు 645 మిల్లీమీటర్లయితే దాన్ని 17.817తో భాగించగా వచ్చే 36.2 మిల్లీమీటర్ల దూరంలో మొదటి మెట్టు, మిగిలిన పొడవును మళ్లీ అదే సంఖ్యతో భాగిస్తే రెండోది, అలా పన్నెండో మెట్టు సరిగ్గా సగం దగ్గరికి వస్తుంది. సైబరాబాద్ ఉద్యోగికి ఇది స్ప్రెడ్‌షీట్‌లో నిమిషం పని. బహుశా అందుకే చేతితో గిటారు కట్టే అభిరుచిలో దిగినవారు మెట్ల గురించి గంటలు మాట్లాడి, పలక దగ్గరికి వచ్చేసరికి నసుగుతుంటారు. విజయనగరం జిల్లా బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో పనస కలపతో వీణలు చేసే సర్వసిద్ధి కులస్థుల పద్ధతి వేరు: వారు 24 మెట్లనూ బొగ్గుపొడి కలిపిన మైనం మీద, స్వరం విని, చెవి ఒప్పిన చోట నిలుపుతారు. మైనం కరిగించి మెట్లు మళ్లీ కూర్చుకోవచ్చు కనుక, చేసినవాడి చెవితో పేచీ ఉన్న వైణికుడు తన చెవికి తగినట్టు సరిచేయించుకోగలడు. గిటారు మెడమీద రంపంతో గాడి పడ్డాక ఆ వెసులుబాటు లేదు.

అయితే వాయించే మనిషికోసం మారగలిగేవి గిటారులోనూ కొన్ని ఉన్నాయి. మెడ మొదట్లో తీగలు ఆనే చిన్న ఎముక పట్టీ 43 మిల్లీమీటర్ల వెడల్పుంటే పాటకు తోడుగా మొత్తం తీగలను మీటేవారికి హాయి. వేళ్లతో ఒక్కో తీగనూ విడిగా మీటేవారికి మరో మిల్లీమీటరున్నర ఉంటేనే వేళ్లు ఒకదానికొకటి అడ్డు రావు. ఈ మాత్రం మార్పు వాద్యాన్నే మార్చేయగలదని తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు: పాలకొల్లులో 1969లో పుట్టిన యు. శ్రీనివాస్ జంట తీగలతో ఎనిమిది తీగలుండే మాండలిన్‌ను విడిచి, అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌ను ఎంచుకోవడంతోనే దానిమీద కర్ణాటక సంగీతపు గమకాలకు దారి ఏర్పడింది.

వెనక పలకకు, పక్కలకు తెలుగులో జిట్రేగి అనీ ఇరుగుడు అనీ పిలిచే రోజ్‌వుడ్ వాడటం రివాజు. బ్రెజిల్ రోజ్‌వుడ్ దొరకడం కష్టమై అమెరికాలోని మార్టిన్ కంపెనీ 1969లో భారతీయ రోజ్‌వుడ్‌కు మారిన తర్వాత ప్రపంచమంతటా మంచి గిటార్లకు ఈ చెట్టే వెన్నుగా నిలిచింది. హైదరాబాద్ మిత్రుడెవరైనా ఎప్పుడో ఒకప్పుడు డాలస్‌కో సిడ్నీకో వెళ్లే అవకాశం ఉంటుంది కనుక, ఈ కలపపై అంతర్జాతీయ ఆంక్షలు 2017 జనవరిలో అమల్లోకి వచ్చినా, పూర్తయిన సంగీత వాద్యాలకు 2019 నవంబరు నుంచి మినహాయింపు లభించిన సంగతి ఇక్కడ అప్రస్తుతం కాదు. పక్కలకోసం 2 మిల్లీమీటర్ల బద్దను తడిపి, వేడి ఇనుప గొట్టానికి అదుముతూ వంచాలి. రాయదుర్గంలో 2023లో ప్రారంభమైన టీ-వర్క్స్ వంటి నమూనా తయారీ కేంద్రాల్లో కంప్యూటర్ నడిపే కోత యంత్రాలు అచ్చులను చక్కగా కోసిపెట్టగలవు కానీ, వేడి గొట్టంమీద ఈ వంపు మాత్రం చేతి ఒత్తిడితోనే కుదురుతుంది. కొండాపూర్ అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఈ కలపను గరుకు కాగితంతో రుద్దేవారు మాస్కు తప్పనిసరిగా కట్టుకోవాలి. దాని పొడి చాలామందికి చర్మంమీద దద్దుర్లు, ఊపిరి ఇబ్బంది కలిగిస్తుంది.

అన్నిటికంటే హైదరాబాద్ గాలి గడ్డు పరీక్ష. మే నెల మధ్యాహ్నాల్లో గాలిలో తేమ 30 శాతం దరిదాపులకు పడిపోయి, ఆగస్టు ఉదయాల్లో 80 దాటుతుంది; కలప నిలువున దాదాపు మారకపోయినా అడ్డంగా ఉబ్బి ముడుచుకుంటుంది కనుక, 40 సెంటీమీటర్ల వెడల్పున్న పలక ఈ రెండు రుతువుల మధ్య కొన్ని మిల్లీమీటర్లు మారాలని చూస్తుంది, అడుగున అతికిన బద్దలు దాన్ని మారనివ్వవు. వానాకాలంలో బద్దలు అతికిన పలక వేసవిలో ముడుచుకోలేక చీలుతుంది. తేమ 45 శాతం దగ్గర ఉన్నప్పుడు అతికినది వానాకాలంలో కాస్త పైకి ఉబ్బుతుందే తప్ప చీలదు. కాబట్టి జిగురు పనిని పొడిగాలి రోజులకు వాయిదా వేసుకోవాలి, లేదా గదిలో తేమను కొలిచే పరికరం, ఏసీ రెండూ ఉండాలి. పలక ఉబ్బినప్పుడు తీగలు మెడకు ఎడమై నొక్కడం కష్టమవుతుంది, ముడుచుకున్నప్పుడు మెట్లకు తగిలి గరగరమంటాయి. అందుకే గుర్రంమీది ఎముక పట్టీని ఒకటికి రెండు చేసి, వానాకాలానికి కొంచెం పొట్టిదాన్ని, వేసవికి కొంచెం ఎత్తుదాన్ని గిటారుతోపాటే ఇవ్వడం, ఏది ఎప్పుడు మార్చాలో ఆ మిత్రుడికి తీగలు వదులుచేసి చూపించడం మంచి పద్ధతి.