ఊ కొట్టేవాళ్ల వంతు

బుర్రకథలో చప్పట్లన్నీ తంబుర పట్టుకున్న కథకుడికే. కానీ అటొకరు ఇటొకరు గుమ్మెట వాయించే వంతలు లేకపోతే ఆ కథ ముందుకు సాగదు. కథకుడు ఊపిరి తీసుకునేచోట "ఆహా" అనేది, "తర్వాతేమైంది?" అని ఎగదోసేది, జనం మనసులో మెదిలిన సందేహాన్ని చటుక్కున అడిగేసేది వాళ్లే. పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ అంతటివాడికైనా వంతలు కావలసిందే.

ఇళ్లలో నాయనమ్మలు పెట్టే షరతూ ఇదే. ఊ కొడితేనే కథ. ఊ ఆగిందంటే పిల్లాడు నిద్రపోయినట్టే, రాజకుమారుడు అడవిలోనే ఆగిపోతాడు.

కెనడాలోని విక్టోరియా విశ్వవిద్యాలయంలో జానెట్ బవేలస్ బృందం ఈ ఊ సంగతిని పరీక్షకు పెట్టింది. ఫలితాలు 2000లో అచ్చయ్యాయి. త్రుటిలో గండం తప్పిన సంఘటన ఏదైనా ఒకరు చెప్పాలి, ఎదుటివారు వినాలి. వినేవాళ్లలో కొందరికి మాత్రం ఓ చిల్లర పని అప్పగించారు: 'టి' అక్షరంతో మొదలయ్యే మాటలెన్నో లెక్కపెట్టడం. పాపం, వాళ్లు ప్రతి మాటా చెవిన వేసుకున్నారు. కాకపోతే ఉలిక్కిపడాల్సిన చోట ఉలిక్కిపడలేదు, "అయ్యో" అనాల్సిన చోట అనలేదు. దాంతో చెప్పేవాళ్ల కథే పాడైంది. అసలు పట్టు ఉండాల్సిన ముగింపు దగ్గరే తడబడ్డారు, చెప్పిందే తిప్పి చెప్పారు, అది ఎందుకంత ప్రమాదమో సంజాయిషీ ఇచ్చుకున్నారు.

ఫలానా ఆయనకు మాట చెప్పడం రాదని తేల్చేసేవాళ్లు, ఆయన ఎవరికి చెబుతున్నాడో కూడా ఒకసారి చూడాలి.

ఫోన్ తెర మీద వేలు జరుపుతూ కొట్టే ఊ కూడా ఆ 'టి' లెక్కలాంటిదే. అమ్మలు దాన్ని ఇట్టే పసిగడతారు. "ఏరా, వింటున్నావా?" "ఆ, చెప్పమ్మా." ఆమె ఇక చెప్పదు, "సరేలే, అన్నం తిన్నావా?" అంటుంది.

దీనికంటే పెద్ద తప్పు ఇంకోటుందని ఈ కాలమిస్టు నమ్మకం: మాట పూర్తికాకముందే పరిష్కారం చెప్పేయడం. మోకాలి నొప్పి అంటే చాలు, నొప్పి ఏ కాలికో తెలియకుండానే నాలుగు నూనెల పేర్లు చెప్పే చుట్టాలు ప్రతి ఇంటికీ ఉంటారు. చదువుకున్న డాక్టర్లూ దీనికి మినహాయింపు కారు. అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ 1984లో ప్రకటించిన అధ్యయనంలో, డాక్టర్లు రోగి మాటకు అడ్డుపడింది సగటున 18 సెకన్లకే. అలా అడ్డుపడకపోతే రోగులు గంటలకొద్దీ చెబుతారన్న భయానికి 2002లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నుంచి జవాబొచ్చింది. అక్కడి ఆసుపత్రిలో 335 మంది రోగులను ఆపకుండా మాట్లాడనిస్తే, సగటున 92 సెకన్లలో వాళ్లే ముగించారు. నూటికి 78 మందికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసేవాళ్లు ఆ రెండు నిమిషాలూ ఇచ్చి చూడండి. నూనెల పేర్లు ఆ తర్వాత చెప్పుకోవచ్చు, అదీ అడిగితేనే.