తరంగంబాడి బంగళాకు నమస్కారం

సముద్రానికి ఎదురుగా నిలబడ్డ బంగళా, నీకు నమస్కారం. పొడుగు స్తంభాల నడుమ వెడల్పాటి వరండా పరిచి, ముందు గాలిని కూర్చోబెట్టి, ఆ తరవాత మనిషికి కుర్చీ వేసే ఇల్లా, నీకు నమస్కారం. మాయవరంలో రైలు దిగి, వరిమళ్ల మధ్య బస్సులో ఊగుతూ, చెమటా దుమ్మూ మోసుకొచ్చిన నన్ను నువ్వు ఎవరివని అడగలేదు. ముఖాన ఇంత ఉప్పుగాలి చల్లి లోపలికి రమ్మన్నావు. "వాంగ, వాంగ" అంటూ నీ దగ్గర పనిచేసే పెద్దాయన సంచీ అందుకున్నాడు. నాకొచ్చిన నాలుగు తమిళ ముక్కలూ ఆ గడప దగ్గరే ఖర్చయిపోయాయి. ఆ పైన ఆయన నవ్వే మా ఇద్దరికీ భాష.

ఒకనాడు కలెక్టరు దొర కాపురమున్న గదులివి. దొరతనం పోయింది, దర్జా నీ దగ్గర ఉండిపోయింది. ఆ దర్జాను ఇప్పుడు ఒక్క రాత్రికి వచ్చినవాడికి కూడా పంచిపెడుతున్నావు. ఒకప్పుడు ఈ రేవుకు వచ్చిన డెన్మార్క్ వాళ్ల, అంటే డేన్ల, ఓడల పేర్లు నీ గదులకు పెట్టారు. ఓడ పేరున్న గదిలో నడుం వాలిస్తే, కిటికీ అవతల అలలు ఆగకుండా చదువుకుపోతుంటే, లంగరు ఎప్పుడెత్తుతారో అనుకుంటూనే కన్ను మూతపడుతుంది.

నీ తలుపు గురించి చెప్పుకోవాలి. మనిషికి రెట్టింపు ఎత్తు, రెండు రెక్కలు, వాటి నిండా వాలుగా అమర్చిన సన్నని చెక్కలు. మధ్యలో నిలువు కర్రను కిందికి లాగితే చెక్కలన్నీ ఒక్కసారే తెరుచుకుని గాలిని గదిలోకి పోస్తాయి. పైకి నెడితే వెలుగు ఆగిపోతుంది, గాలి మాత్రం సందులు వెతుక్కుంటూ వస్తూనే ఉంటుంది. ఇత్తడి గడియ మీద సముద్రం పచ్చగా పూత పూసింది. వేలితో రాస్తే ఉప్పు తగిలింది. ఈ తీరాన ఎండనూ వేడినీ ఎలా దాటాలో తెలిసిన వడ్రంగి ఎవరో చేసిన తలుపు అది. గదిలో ఉన్న ఏసీ నాకు అక్కర్లేకపోయింది.

మైదానం అవతల డేన్లు కట్టిన డాన్స్‌బోర్గ్ కోట. 1620లో తంజావూరు రఘునాథ నాయకుడు డేన్లకు ఈ రేవులో చోటిచ్చాడు. తెలుగులో వాల్మీకి చరిత్ర రాసిన రాజు ఆయన. కవులనూ, కవయిత్రులనూ కొలువులో కూర్చోబెట్టుకున్న రాజు. డెన్మార్క్ రాజుకు ఆయన బంగారు రేకు మీద రాయించి పంపిన లేఖ నేటికీ కోపెన్‌హేగన్‌లో భద్రంగా ఉంది. దూరదేశం ఓడలకు ఈ ఒడ్డున రమ్మన్నది తెలుగు పద్యం వినిపించే కొలువని తలచుకోగానే, నీ వరండాలో నా కుర్చీ ఇంకాస్త నాదయింది.

ఇంకో బంధుత్వం కూడా ఉంది నీ ఊరితో. 1706లో ఇక్కడ ఓడ దిగిన జర్మన్ మతప్రచారకుడు జీగెన్‌బాల్గ్ తమిళం నేర్చుకుని, అచ్చుయంత్రం తెప్పించి, 1715లో తమిళ కొత్త నిబంధన అచ్చువేశాడు. ఆయన కట్టించిన న్యూ జెరూసలేం చర్చిలోనే ఆయన సమాధి. ఆయన పోయిన 1719లోనే మరో మతప్రచారకుడు బెంజమిన్ షుల్జ్ ఈ ఇసుకలో కాలుపెట్టాడు. తరవాత మద్రాసు వెళ్లి తెలుగు నేర్చుకున్నాడు. తిరిగి జర్మనీ చేరాక, 1746 ప్రాంతంలో హాలేలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. తలకట్లూ, దీర్ఘాలూ, గుడులూ మొదటిసారి సీసపు అచ్చుల్లో ఒదిగింది అక్కడే. ఆ దారి ఈ ఒడ్డు మీదుగా పోయింది. పొద్దున కింగ్ స్ట్రీట్‌లో నడుస్తుంటే నాకు మా పలక గుర్తుకొచ్చింది.

1845లో డేన్లు ఈ ఊరిని సెరంపూర్‌తో కలిపి పన్నెండున్నర లక్షల రూపాయలకు ఈస్టిండియా కంపెనీకి అమ్మేసి వెళ్లిపోయారు. రైలు నాగపట్నానికి పోయింది, వ్యాపారం రైలు వెంట పోయింది. రేవు చిన్నబోయింది. కానీ ఆ పేదరికమే నిన్నూ, నీ ఇరుగుపొరుగు ఇళ్లనూ పలుగుల నుంచి కాపాడిందని నా నమ్మకం. 1792 నాటి ఊరి ద్వారం కింద నుంచి ఇప్పుడు చేపల బుట్టలు కట్టుకున్న మోపెడ్‌లు పోతుంటాయి. ద్వారం నెత్తిన డెన్మార్క్ రాజముద్ర అలాగే ఉంది.

పున్నమి చంద్రుడు నేరుగా నీళ్లలోంచి లేచాడు. నీ పక్కన మాసిలామణి నాథుడి గుడి వెన్నెల్లో సగమే కనిపించింది. 1306 నాటి శాసనం ఉన్న గుడి అది, ముందు భాగాన్ని సముద్రం ఎప్పుడో కోసుకుపోయింది. ఈ నీళ్లను పాట అని పొగడటానికి నాకు నోరు రాదు. 2004 డిసెంబరు 26న, సునామీ ఉదయం, ఇవే ఇళ్ల మీదికి నడిచొచ్చాయి. ఈ ఊరు తన పిల్లలనూ, తల్లులనూ పోగొట్టుకుంది. అయినా తెల్లవారుజామున, చీకటి ఇంకా గట్టిగా ఉండగానే, పడవ ఇంజన్లు ఒకటొకటిగా అంటుకున్నాయి. దోమతెరలో లేచి కూర్చుని ఆ చప్పుడు దూరమయ్యేదాకా విన్నాను. ఆ మనుషులకు కూడా నమస్కారం.

పొద్దున డబరా గ్లాసులో కాఫీ, నురుగు పైదాకా. ఇడ్లీలు, పుల్లటి సాంబారు. మెట్ల దగ్గర అప్పటికే ఇంకో కుటుంబం దిగుతోంది. నేను పడుకున్న మంచానికి కొత్త దుప్పటి వేస్తున్నారు.

బంగళా, పదికాలాలు ఉండు. ఏటేటా సున్నం వేయించుకో. మడతబందులకు నూనె పట్టించుకో. తుఫాను రోజుల్లో రెక్కలు బిగించుకో. తెనాలి నుంచి వచ్చినా, తిరుచ్చి నుంచి వచ్చినా, పూర్వీకుల పేర్లు వెతుక్కుంటూ కోపెన్‌హేగన్ నుంచి వచ్చినా తలుపు తియ్యి. పిల్లలు వరండాలో పరిగెడితే పరిగెత్తనీ. పడవల వాళ్ల ఇళ్ల ఆడపిల్లలకు నీ వంటింట్లో, నీ లెక్కల పుస్తకాల దగ్గర ఉద్యోగాలు దొరకనీ. నీ కుర్చీలు ఒక్క సాయంత్రం కూడా ఖాళీగా ఉండకూడదు.