దిగే చోటే సోదా

గోదావరిఖని బొగ్గుబెల్టులో పుట్టిన పిల్లలకు బొగ్గుబాయి దిగే పద్ధతి వేరే చెప్పాలా? మస్టర్‌లో హాజరు పడాలి. ల్యాంప్ రూంలో క్యాప్ ల్యాంప్ తీసుకోవాలి. జేబులో బీడీ, అగ్గిపెట్టె లేవని సోదా ఇవ్వాలి. ఆ తర్వాతే దిగడం. నిన్న చేరినవాడైనా, మేనేజరైనా దారి అదే. నియమాన్ని మనిషి మనిషికీ విడిగా పెట్టలేదు, దిగే చోట ఒక్కసారి పెట్టారు. కమాన్‌పూర్ నుంచి యాప్‌ల తయారీ నేర్చుకోవడానికి బయల్దేరే పిల్లలకు ప్రాపర్టీ రాపర్ అంటే ఏమిటో చెప్పాల్సివస్తే నేను ఇక్కడి నుంచే మొదలుపెడతాను.

ప్రాపర్టీ అంటే ఒక పేరు, ఆ పేరు కింద దాచిన విలువ. ల్యాంపుల లెక్క చూసే చిన్న యాప్ రాస్తున్నామనుకోండి. బ్యాటరీ ఛార్జింగ్ శాతం, హాజరు శాతం, పూర్తయిన పని శాతం అని మూడు ప్రాపర్టీలు. ఏదీ 0కి తగ్గకూడదు, 100 దాటకూడదు. ఆ తనిఖీని మూడు చోట్లా రాసినా పని నడుస్తుంది. కానీ నాలుగోది చేర్చిన రోజు తనిఖీ రాయడం మరిచిపోతాం.

యాపిల్ 2014లో ప్రకటించిన స్విఫ్ట్ భాషలో, 2019లో వచ్చిన 5.1 వెర్షన్ దీనికి దారి చూపింది. ఒక స్ట్రక్ట్ రాసి, దాని నెత్తిన ఎట్ గుర్తుతో ప్రాపర్టీ రాపర్ అన్న ముద్ర వేస్తాం. లోపల రాప్డ్ వాల్యూ అనే ప్రాపర్టీ ఉండి తీరాలి. విలువ మార్చినప్పుడు దాని సెట్ భాగం నడుస్తుంది, చదివినప్పుడు గెట్ భాగం. సెట్‌లో హద్దుల తనిఖీ పెట్టి, స్ట్రక్ట్‌కు ‘హద్దు’ అని పేరు పెట్టండి. తెలుగు పేర్లకు స్విఫ్ట్ అడ్డు చెప్పదు. ఇక ఏ శాతం ముందైనా ఎట్ గుర్తు, హద్దు అని రాస్తే చాలు. ఛార్జింగ్‌కు 130 ఇస్తే 100 దగ్గర ఆగుతుంది.

కొత్తవాళ్లు జారిపడే చోటు ఒకటుంది. ప్రాపర్టీకి మొట్టమొదట ఇచ్చే విలువ సెట్ గుండా రాదు, స్ట్రక్ట్ తయారయ్యేటప్పుడు నడిచే ఇనిట్ గుండా వస్తుంది. తనిఖీ అక్కడా ఉండాలి. లేకపోతే మొదటి 130 దర్జాగా లోపలికి నడిచిపోతుంది.

స్విఫ్ట్‌తో తెరలు తయారుచేసే స్విఫ్ట్ యూఐలో రోజూ వాడే స్టేట్ కూడా రాపరే. విలువ మారగానే దాని మీద ఆధారపడ్డ తెర తిరిగి గీసుకుంటుంది. యాప్ స్టోరేజ్ అనే రాపర్ అయితే యాప్ మూసినా విలువను దాచి ఉంచుతుంది. ఆండ్రాయిడ్ వైపు వెళ్లేవాళ్లకు కోట్లిన్ భాషలో ‘బై’ అనే మాటతో దాదాపు ఇదే పని జరుగుతుంది.

అలాగని ప్రతిదానికీ హద్దు తగిలించకండి. బాయిలో ఎక్కడా మండే వాయువు 1.25 శాతం మించకూడదన్నది బొగ్గు గనుల నిబంధన. గ్యాస్ రీడింగ్‌కు 1.25 హద్దు పెట్టారనుకోండి, 2 వచ్చినా తెర మీద 1.25 అనే కనిపిస్తుంది. కింద మనుషులుంటారు. అక్కడ వచ్చిన అంకెను వచ్చినట్టే ఉంచి, ‘మించింది’ అన్న సంగతిని రాపర్ ఇవ్వగల రెండో విలువ, ప్రొజెక్టెడ్ వాల్యూతో చెప్పించాలి. పేరు ముందు డాలర్ గుర్తు పెడితే అది అందుతుంది.

సోదాలో అగ్గిపెట్టె దొరికితే బయటికి తీస్తారు. లేదని రాసుకుని కిందికి పంపరు.