దివిటీ ఎవరి చేతిలో?

కార్తీకం వస్తే ఉత్తర కోల్‌కతాలో కొన్ని పాత ఇళ్ల డాబాల మీద ఇప్పటికీ వెదురు గడలు లేస్తాయి. గడ కొసన దీపం. ఒకప్పుడు నూనె దీపం, ఇప్పుడు ఎక్కువగా కరెంటు బల్బు. ఆకాశ్‌ప్రదీప్ అంటారు దాన్ని. మహాలయ అమావాస్యకు దిగివచ్చిన పెద్దలు తిరిగి వెళ్లేటప్పుడు దారి తప్పకూడదని ఆ ఏర్పాటు. రవీంద్రనాథ్ ఠాగూర్ 1939లో వచ్చిన తన కవితా సంపుటికి ఈ దీపం పేరే పెట్టుకున్నారు. కాళీపూజకు ముందురోజు భూత చతుర్దశి. ఆ రాత్రి పద్నాలుగు తరాల పూర్వులకని పద్నాలుగు దీపాలు పెడతారు, ఆ రోజు పద్నాలుగు రకాల ఆకుకూరలు తింటారు. మన ఊళ్లలో దీపావళి సాయంత్రం పిల్లలు గోగుకాడలకు నూనె గుడ్డలు చుట్టి వెలిగించే దివిటీలూ ఈ కుటుంబానివే. పితరులకు దారి చూపే ఉల్కాదానమని పెద్దలంటారు, పిల్లలకు మాత్రం అది ఆట. శివాలయం ధ్వజస్తంభానికి చిల్లుల పాత్రలో ఎక్కించే ఆకాశదీపం సరేసరి. మనకది గుడి చూసుకునే పని, బెంగాల్‌లో ఇంటివాళ్ల పని.

ఈ దీపాల పక్కన పెట్టి చదవాల్సిన కథ కెనడాలోని లాబ్రడార్‌లో ఉంది. ఎర్నెస్ట్ హాక్స్ అనే మానవశాస్త్రవేత్త అక్కడి ఇన్యూట్ ప్రజల దగ్గర సేకరించగా 1916లో అచ్చయింది. భూమికీ సముద్రానికీ చివర ఒక అగాధం ఉందట. దాని మీదుగా సన్నటి, ప్రమాదకరమైన దారి. గట్టి గోపురంలాంటి ఆకాశానికి ఒక కన్నం, దాని అవతల స్వర్గం. ముందే అక్కడికి చేరిన ఆత్మలు, కొత్తగా వచ్చేవాళ్ల కాలు జారకుండా దివిటీలు పట్టుకుని నిలబడతాయి. రాత్రి ఆకాశంలో మెరిసే ధ్రువకాంతి, అంటే అరోరా, ఆ దివిటీల వెలుగే.

రెండుచోట్లా చీకటి దారి ఉంది, దివిటీ ఉంది, చనిపోయినవాళ్లున్నారు. మారిందల్లా దివిటీ పట్టిన చెయ్యి. లాబ్రడార్‌లో చచ్చినవాళ్లు చచ్చినవాళ్లకు దారి చూపుతారు, బతికున్నవాళ్లు కింద నుంచి చూస్తారంతే. కోల్‌కతాలో, కోనసీమలో ఆ పని బతికున్నవాళ్ల నెత్తిన పడింది. కారణం అక్షాంశమే అనుకుంటాను. ఆకాశం తనంతట తాను వెలిగే చోట మనిషి దానికి అర్థం చెప్పుకుంటే చాలు. దీపావళి అమావాస్య నాడు నల్లగా ఉండే ఆకాశం కింద మనిషే గడ ఎత్తి దీపం పెట్టాలి. అక్కడ కథగా మిగిలింది ఇక్కడ ఆచారమైంది.

హాక్స్ రాసుకున్న కథలో ఇంకో మెలిక ఉంది. ఆ దారి అందరిదీ కాదు. తమంతట తాము ప్రాణం విడిచినవాళ్లు, దుర్మరణం పాలైనవాళ్లు, వీళ్లతో పాటు బొంతకాకి మాత్రమే దాన్ని దాటగలిగారట. కాకిని చూసి మనవాళ్లు ఆశ్చర్యపోరు. పిండం ముట్టాల్సింది అదే కదా. కానీ మిగతా సగం మన నమ్మకానికి పూర్తిగా ఎదురు. అర్ధాయుష్షుతో పోయినవాడికి మన కథల్లో పై లోకం దొరకదు, నేలనే పట్టుకుని తిరుగుతాడు. బెంగాల్ డెల్టా చిత్తడి నేలల్లో రాత్రిళ్లు కదిలే వెలుగును ఆలేయా అంటారు. వేటలో చనిపోయిన జాలర్ల ఆత్మలే అలా తిరుగుతాయని, పడవలను దారి తప్పిస్తాయని చెబుతారు. అవే ఒక్కోసారి ప్రమాదం నుంచి తప్పిస్తాయనే కథలూ ఉన్నాయి. కుళ్లిన మొక్కల నుంచి వచ్చే మీథేన్, ఫాస్ఫీన్ వాయువులు మండడమే దీనికి కారణమని సైన్సు వైపు నుంచి చెప్పే మాట. బెంగాలీ కవి నజ్రుల్ ఇస్లాం 1931లో ఆలేయా పేరుతోనే ఒక గీతినాటిక రాశారు. మన కొరివి దయ్యం ఆలేయాకు తోబుట్టువు. అదీ మంట పట్టుకునే తిరుగుతుంది, కాకపోతే దాని అడ్డా శ్మశానం, పొలం గట్టు. దాన్ని నమ్ముకుని వెళ్లినవాడు ఇల్లు చేరడు.

అంటే ఒకే రకం చావుకు లాబ్రడార్ స్వర్గం ఇచ్చింది, మనం బురద ఇచ్చాం. ఈ విషయంలో నా ఓటు లాబ్రడార్‌కే. మంచు మీద వేటకు వెళ్లి తిరిగి రానివాడి ఇంటివాళ్లకు ఆ కథ ఒక ఊరట. నీటిలో పోయినవాడి భార్యకు ఆలేయా కథ ఇచ్చేది భయమే.

హాక్స్ రాసిన కథలోనే ధ్రువకాంతి చిటపటలు ఆత్మలు మనతో మాట్లాడాలని చేసే ప్రయత్నమట. గుసగుసగానే బదులివ్వాలని లాబ్రడార్ నియమం. ఉత్తర ఐరోపాలోని సామీ ప్రజలైతే ఆ వెలుగు కింద ఈల వేయొద్దంటారు. రాత్రిపూట ఈల వేస్తే పాములొస్తాయని మనింట్లో నోరు మూయించినట్టే. వినేవాడి నడవడిని ఇలా పట్టి ఉంచే కథకే నా దృష్టిలో బలం.

ఆ కొలతతో చూస్తే ఇవాళ ఎక్కువ ప్రచారంలో ఉన్న ఫిన్లాండ్ నక్క కథ తేలిపోతుంది. నక్క పరుగెత్తుతూ తోకతో మంచును చిమ్మితే నిప్పురవ్వలు ఆకాశానికి ఎగిశాయట. బొమ్మ బాగుంది. వినేవాణ్ణి ఏమీ అడగదు కాబట్టే పర్యాటక ప్రకటనల్లో చక్కగా ఇమిడింది. నార్స్ పురాణాల్లోని వీరకన్యలైన వాల్కిరీల కవచాల తళుకే ధ్రువకాంతి అన్న మాటను ఇంకా అనుమానించాలి. పాత నార్స్ గ్రంథాల్లో ఆ ముడి స్పష్టంగా లేదు. 13వ శతాబ్దపు నార్వే గ్రంథం ‘రాజదర్పణం’లో ఒక తండ్రి కొడుక్కి ఈ వెలుగుకు మూడు కారణాలు చెబుతాడు: ప్రపంచాన్ని చుట్టిన సముద్రాల అవతలి మంట, రాత్రి దిగంతం కిందున్న సూర్యకిరణాలు, హిమానీనదాలు దాచుకున్న తేజస్సు. మూడూ తప్పే, కానీ మూడింట్లోనూ దేవతలు లేరు.

మన వరాహమిహిరుడు ‘బృహత్సంహిత’లో దిగ్దాహానికి, అంటే దిక్కులు మండుతున్నట్టు కనిపించడానికి, ఫలితాలు చెప్పాడు: పసుపుగా ఉంటే రాజభయం, అగ్నివర్ణమైతే దేశనాశం. ఇది ధ్రువకాంతే అని వాదించడం తొందరపాటు, సంజె కెంజాయ కూడా కావచ్చు. అయితే ఇంత దక్షిణాన ఎప్పుడో ఒకసారి కనిపించే అరోరా ఎర్రగానే ఉంటుంది. దూరం నుంచి చూసేవాడికి రెండు వందల కిలోమీటర్ల పైన ఆక్సిజన్ వెలిగించే ఎరుపే అందుతుంది, కింది ఆకుపచ్చ దిగంతం చాటున ఉండిపోతుంది. 1872 ఫిబ్రవరి 4న బొంబాయిలో అరోరా కనిపించినట్టు రికార్డుంది. 2024 మేలో లదాఖ్‌లోని హాన్లేలో ఫొటోలకు చిక్కిందీ ఎరుపే.

జానపద సాహిత్యం మీద పనిచేసేవాళ్లకు ఒక విన్నపం. లాబ్రడార్ కథను ఇంత గట్టిగా పోల్చగలిగామంటే, దాన్ని నియమాలతో, మినహాయింపులతో సహా ఒకరు రాసిపెట్టారు కాబట్టే. కొరివి దయ్యం కథ చెప్పే ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. ఏ చెరువు గట్టున చూశారు, ఏ నెలలో, చూస్తే ఏం చేయకూడదన్నారు, ఎలా పోయినవాళ్లు అలా అవుతారన్నారు? ఊరి పేరుతో సహా రాసుకోండి.